మిషన్‌కి జొరం

"మేడమ్, మిషన్‌కి జొరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతంది. తడిగుడ్డ వేశాను. తగ్గకపోతే ఏం చెయ్యమంటారు?"

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం నా ఫోనుకి వచ్చిన మెసేజి ఇది. పంపినావిడ పద్మనాభం దాటి ఇంకా లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో, సర్కారు ఆస్పత్రిలో నర్సు. మిషనంటే మేము తయారుచేసిన స్కానరు. అప్పుడు నేను ఆఫీసులో కేరేజీ విప్పుకుని అన్నం తింటున్నాను. ఒకసారి చదివితే నవ్వొచ్చింది. రెండోసారి చదివి కేరేజీ మూత పెట్టేశాను. తడిగుడ్డ! మూడేళ్ళు కళ్ళు పోయేలా కూర్చుని చేసిన దాని మీద తడిగుడ్డ!

నాకు ముక్కు మీదే కోపం. మా అమ్మ దాన్ని పాలపొంగు అంటుంది. పొంగి, పొయ్యి ఆర్పేసి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు కూర్చుంటానట. చదువుకునే రోజుల్లో తోటిపిల్లలు నవ్వుతున్నారని 'నాను' అనడం మానేసి కష్టపడి 'నేను' నేర్చుకున్నాను. కోపమొస్తే ఆ నేర్చుకున్నదంతా గంగలో కలిసిపోతుంది. ఆ రోజు ఆఫీసు మొత్తానికి వినపడేలా అరిచాను.

"నాను సెప్పిందేటి, ఈవిడ సేసిందేటి!"

మాది చాలా చిన్న కంపెనీ. స్టీల్‌ప్లాంటు వైపు పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో డజనుమందిమి. స్కానింగ్ అనగానే జనానికి చీకటి గది, ఏసీ, చక్రాల బల్ల మీద పెద్ద మిషను గుర్తొస్తాయి. మేము చేసేది చేత్తో పట్టుకునేది. ఒంటికి ఆనించే మూతి, లోపలి బోర్డు, బ్యాటరీ అన్నీ ఒకే ముక్కలో ఉంటాయి. మన చెవికి అందని శబ్దాన్ని అది ఒంట్లోకి పంపుతుంది. లోపల తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని విని బొమ్మ గీస్తుంది. బొమ్మ పక్కనున్న ట్యాబ్‌లో కనిపిస్తుంది. మేము చేసిన మొదటి మిషను మూడు గిన్నెల కేరేజీ అంత ఉండేది. రెండోది ఇటుకంత. మూడోది సబ్బుపెట్టె అంత. ఆ సబ్బుపెట్టె నాది.

చిన్నది చెయ్యడమంటే చుట్టూ కోసెయ్యడమే అనుకుంటారు చాలామంది. కాదు, అది వేడితో కొట్లాట. మిషను ఎంత కరెంటు తింటే అంత వేడి పుడుతుంది. ఆ వేడిని లాక్కోవడానికి లోపల అల్యూమినియం దిమ్మ పెట్టాలి. దిమ్మ పెడితే బరువు పెరుగుతుంది, పెట్టె పెరుగుతుంది. అదే కరెంటు తగ్గిస్తే బ్యాటరీ తగ్గుతుంది, దిమ్మ తగ్గుతుంది, పెట్టె దానంతటదే చిక్కిపోతుంది. అంచేత నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే పిసినారితనం అని చెప్తాను. బోర్డు మీద ఏ ముక్క ఊరికే మేలుకుని ఉందో చూసి, దాన్ని జోకొట్టి పడుకోబెట్టడమే నా పని.

సబ్బుపెట్టె తయారయ్యాక, దాన్ని ఏసీ లేని చోట వాడి చూడాలని మా పెద్దసారు పట్టుబట్టారు. కంపెనీ ఆయనదే. అనుమతులన్నీ తెచ్చి, కాగితాల మీద పది సంతకాలయ్యాక, ఆ ఊరి ఆస్పత్రికి ఒకటి ఇచ్చాం. ఆయాసంతో వచ్చే ముసలివాళ్ళ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో చూడడానికి మాత్రమే. కడుపుతో ఉన్నవాళ్ళ మీద వాడకూడదని గోడకి పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం. సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి, తీసినప్పుడల్లా రిజిస్టర్లో రాయాలి. స్కాన్ చేసేది డాక్టరుగారు. జెల్లీ రాయడం, తుడవడం, చార్జింగ్ పెట్టడం సిస్టర్ పని.

నేర్పడానికి నేనే వెళ్ళాను. నేర్పేటప్పుడు నా గొంతు కొంచెం లేస్తుంది. సిస్టర్ యాభై దాటిన మనిషి. సన్నగా, జుట్టు బిగించి ముడేసుకుని, మాట్లాడేదానికన్నా వినేదెక్కువ. నేను సిటీలో మద్దిలపాలెం నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన విసుగులో ఉన్నాను. ఆవిడ ట్యాబ్ వైపు చెయ్యి చాపగానే గబుక్కున అన్నాను.

"బటన్లు మీరు ముట్టుకోకండి సిస్టర్. అవి డాక్టరుగారి పని. మీరు ముట్టుకోవద్దు."

రెండుసార్లు అన్నాను. ఆవిడ తలూపి, జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది.

ఆ తర్వాత మూడు వారాలకి వచ్చింది ఈ జొరం మెసేజి. మర్నాడు మిషను తెప్పించి విప్పాం. లోపల తడి. కనెక్టర్ల మీద పచ్చగా చిలుము. ఆన్ చేస్తే బొమ్మ నిండా నల్లచారలు, కాసేపటికి అదీ పోయింది. వేడి సంగతి చూద్దామని మిషను తనలో తాను రాసుకున్న లెక్క తీశాను. వేడి హద్దు దాటినట్టు ఒక్క చోట కూడా లేదు. అంతే, నాకింకేం కావాలి? వేడెక్కనేలేదు, వేడెక్కిందని తనే అనేసుకుని నీళ్ళు పోసి చంపేసింది అని తేల్చేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని పక్కవాళ్ళతో కూడా అన్నాను. పెద్దసారికి ఇవ్వాల్సిన రిపోర్టులో కారణం అన్న గడిలో ఒకే వాక్యం రాశాను: "వాడినవారి నిర్లక్ష్యం వల్ల నీరు చేరి పాడైనది." కోపంలో చేతిరాత కూడా ముత్యాల్లా వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మని నవ్విద్దామని ఆ మెసేజి చదివి వినిపించాను. మా అమ్మది పద్మనాభం పక్క ఊరే. నన్ను చూసుకోవడానికొచ్చి మద్దిలపాలెంలో మా అద్దింట్లో ఉంటోంది. పప్పు మెదుపుతున్నదల్లా ఆగింది గానీ నవ్వలేదు.

"ఒల్లు కాలిపోతంటే తడిగుడ్డ ఎయ్యరేటి మరి?"

"అమ్మా, అది మిషనే!"

"అయితే? ఒంటిమీద పెట్టే వస్తువు తడికి సచ్చిపోతే ఎలాగే? దాన్ని మరి తుడవరేటి? దేంతో తుడుత్తారు, ఎండుగడ్డితోనా?"

నీకేం తెలీదు, ఊరుకో అన్నాను. కోపంలో ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళు అడిగిన మంచి ప్రశ్న కూడా ఎత్తిపొడుపులాగే వినిపిస్తుంది.

ఆ తర్వాత పది రోజులకి సిస్టర్ ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు. మా పెద్దసారు నా రిపోర్టుని జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసుకి పంపారట, అక్కణ్ణుంచి ఆవిడకి నోటీసొచ్చింది. ప్రయోగానికిచ్చిన పరికరాన్ని నిర్లక్ష్యంగా పాడుచేసినందుకు వారంలోపు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా ఏడాదికోసారి కొత్తగా కాగితం రాస్తే తప్ప నిలబడనిది. ఆ కాగితం వచ్చే నెలలో రాయాలి. పేరు మీద నోటీసుంటే రాయరు.

"నాను అబద్దం ఆడనమ్మా. తడిగుడ్డ ఏసిన మాట నిజిమే. ఎయ్యకూడదని మీరు సెప్పనేదు. సంజాయిసీలో ఏటి రాయాలో తెలక అడగతన్నాను."

నాకు తల తీసేసినట్టయింది. నేను రాసిన ఆ వాక్యం ఒక మనిషి వంటింటి దాకా నడిచి వెళ్తుందని రాసేటప్పుడు తోచనే లేదు. అప్పటికీ తప్పు ఆవిడదేనన్న నమ్మకం పోలేదు, ఆ మాట దాచను. కానీ వేడెక్కకుండా వేడెక్కిందని ఆవిడ ఎందుకంటుంది? పద్నాలుగేళ్ళు జ్వరాలు చూసిన చెయ్యది.

మర్నాడు పొద్దున్నే అలాంటిదే ఇంకో సబ్బుపెట్టె బ్యాగులో వేసుకుని మద్దిలపాలెంలో బస్సెక్కాను. దిగాక ఆటో. తొమ్మిదిన్నరకి ఓపీ మొదలయ్యేసరికే గది పైకప్పు రేకు మీద అట్టు వేసుకోవచ్చనిపించేంత వేడి. నేనొక మూల స్టూలు మీద కూర్చుని, మీరు రోజూ చేసినట్టే చెయ్యండి, నన్ను పట్టించుకోకండి అన్నాను. డాక్టరుగారు తలూపారు.

మొదట ఒక తాతొచ్చాడు. జెల్లీ, స్కాను, అయిపోయింది. డాక్టరుగారు మిషనుని ట్రేలో పెట్టి, జెల్లీ చేతులతోనే పక్కగదిలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు. తాత చొక్కా వేసుకుని గుమ్మం దాటాడు. సిస్టర్ లేచి ఠక్కున ఫ్యాను ఆపేసింది.

"ఫ్యానెందుకు ఆపారు? ఉడికిపోతున్నాం కదా!" అన్నాను.

"మనిసి నేని గదిలో ఫేనెందుకమ్మా, కరెంటు దండగ. అలవాటైపోనాది." అని నాలుక కరుచుకుంది. "ఓలమ్మ, మీరున్నారు కదూ! మర్సిపోనాను." మళ్ళీ వేసింది.

నవ్వాను. నవ్వుతూ ట్రే వైపు చూశాను. మిషను మీద చిన్న పచ్చలైటు వెలుగుతోంది. అంటే అది ఇంకా పని చేస్తూనే ఉంది. ఎదురుగా ఒళ్ళు లేదు, ఎవరూ లేరు, ఖాళీ గాలిలోకి మహా శ్రద్ధగా శబ్దం పంపుతోంది. ఆ శబ్దం గాలిలో ముందుకి పోలేదు. ఎక్కడ పుట్టిందో అక్కడే, ఆ మూతిలోనే తిరిగి తిరిగి వేడైపోతుంది. ఇది నాకు తెలియంది కాదు. మా షెడ్డులో ఒంటి మీంచి తియ్యగానే ట్యాబ్ మీద 'ఆపు' గుర్తు నొక్కెయ్యడం మాకు కళ్ళార్పడమంత అలవాటు. నొక్కని మనిషి ఒకరుంటారని మా బుర్రలకి తట్టలేదు.

డాక్టరుగారు వచ్చేసరికి చాలాసేపైంది. ఈలోగా లేచి వెళ్ళి మిషను మూతికి వేలు ఆనించాను. చురుక్కుమంది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను.

"అదేనమ్మా," అంది సిస్టర్. "ఆ రోజు ఒక మామ్మకి గుండెల కాడ పెడితే సురుక్కుమందని ఎగిరి పడ్డాది. అసలే ఊపిరందని మనిసి. అందుకే తడిగుడ్డ. ఎండలో మన పిల్ల గుంటలకి జొరమొత్తే అదేగా సేత్తాం."

"మరి ఆపు బటన్ నొక్కొచ్చు కదా సిస్టర్? నొక్కితే చల్లారిపోతుంది కదా!" నా గొంతు మళ్ళీ లేచింది.

ఆవిడ జేబులోంచి ఆ నోట్‌బుక్ తీసి, మొదటి పేజీ తిప్పి నా చేతికిచ్చింది. పైన తారీఖు. దాని కింద నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు: "1. బటన్లు ముట్టుకోరాదు. మేడమ్ చెప్పారు." దాని కింద గీత. గీత కింద మళ్ళీ: "ముట్టుకోరాదు."

రెండుసార్లు చెప్పానుగా. ఆవిడా రెండుసార్లు రాసుకుంది.

నా జీవితంలో ఒకరి చేతిరాత చూసి అంత సిగ్గుపడింది ఆ రోజే. నిర్లక్ష్యమట! నేను కసురుకున్న మాటని కూడా గీత గీసి మరీ పాటించిన మనిషికి నేను అంటగట్టిన మాట అది.

షెడ్డుకి తిరిగొచ్చి, వేడి కొలిచే ముక్క ఎక్కడుందో చూశాను. బ్యాటరీ పక్కన. పెట్టింది నేనే. బ్యాటరీ పేలుతుందేమోనన్న భయంతో అక్కడ పెట్టి, మూతి సంగతి గాలికొదిలేశాను. వంటింట్లో పొయ్యి మండుతుంటే నేను హాల్లో కూర్చుని వేడేమీ లేదే అని రాసుకున్నానన్నమాట. పెట్టె అతుకు సంగతీ అంతే. నమూనాలే కదా, తర్వాత చూద్దాంలే అని రబ్బరు పట్టీ వెయ్యలేదు. అమ్మ అడిగిన ఎండుగడ్డి ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. మద్దెల నిజంగానే ఓడు. ఆడినావిడ తప్పేమీ లేదు.

పెద్దసారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఇంకో కాగితం రాసి పంపుతాను, తప్పు మనదని రాస్తాను అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మాయ్, ఆలోచించే మాట్లాడుతున్నావా? ఒంటికి తగిలే చోట వేడెక్కుతుందని మన చేత్తో మనమే రాసిస్తే ఈ సబ్బుపెట్టె అటకెక్కుతుంది. అది నీ మూడేళ్ళ పని. ఆవిడ ఏదో క్షమించమని రాసేస్తుంది, వాళ్ళూ మర్చిపోతారు. మనం నెమ్మదిగా లోలోపల సరిచేసుకుందాం."

"ఆల్లు ఆవిడ ఉద్యోగం కాయితం రాయకపోతే?"

ఆయన కళ్ళజోడు అందుకుని తుడవడం మొదలుపెట్టారు.

"అబద్దం రాసింది నాను సారూ. దిద్దాల్సిందీ నానే. అటకెక్కితే ఎక్కనివ్వండి, నానే నిచ్చెన పట్టుకుంటాను. ఆవిడ సంజాయిసీ రాత్తే మాత్రం నాను ఊరుకోను."

నా నోట్లోంచి 'నాను' ఊడిపడిందని ఆయనకీ తెలిసింది, నాకూ తెలిసింది. ఈసారి దాన్ని వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. ఇల్లు తాకట్టు పెట్టి కంపెనీ నడుపుతున్న మనిషి, భయపడ్డారు, అంతే. కళ్ళజోడు పెట్టుకుని, "రాయి. అన్నీ ఉన్నదున్నట్టు రాయి," అన్నారు. "తప్పు మనదే అయినప్పుడు కంపెనీ ముద్ర కూడా వెయ్యాలి కదా, బయటికెళ్ళేటప్పుడు వేయించుకో."

రాశాను. మూతి వేడెక్కడం నిజం, వేడి కొలిచే ముక్క తప్పుచోట ఉండడం నా తప్పు, నీరు చొరబడే అతుకు నా తప్పు, సిస్టర్‌ని బటన్లు ముట్టుకోవద్దన్నది నేను. ఈసారి చేతిరాత కోడిగెలుకుడులా వచ్చింది. గడువు రెండు రోజులే ఉందని పోస్టుని నమ్మక నేనే ఆ ఆరోగ్యశాఖ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడి అధికారి రెండుసార్లు చదివి, కళ్ళెత్తి అడిగారు.

"ఇంతకీ తప్పెవరిదంటావమ్మా?"

"నాదండి."

"ఇలా రాసిచ్చినవాళ్ళని నేను చూళ్ళేదు," అని పక్కనున్న గుమాస్తా చేతికిచ్చారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ నాకు తెలీదు.

నోటీసు మూసేశారు. జూన్ నెలాఖర్లో సిస్టర్ నుంచి ఒక మెసేజి వచ్చింది. "కాయితం రాశారమ్మా." దాని కింద దండం బొమ్మ. అన్నం తినే వేళే అది కూడా. ఆ పూట రెండుసార్లు మజ్జిగ పోసుకున్నాను.

పెద్దసారు చెప్పినట్టే సబ్బుపెట్టె అటకెక్కింది. ప్రయోగం ఆపెయ్యమన్నారు. నేను రోజూ దాన్ని దింపి విప్పుకుని కూర్చునేదాన్ని. చెయ్యాల్సిందేమిటో సిస్టర్ ఫ్యాను స్విచ్చి దగ్గరే చెప్పేసింది. మనిషి లేకపోతే ఆగిపోవాలి. ఎవరో బటన్ నొక్కితే కాదు, తనంతట తనే. గాలిలో ఉన్నప్పుడు మిషనుకి తిరిగొచ్చే శబ్దం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఆ తీరుని గుర్తుపట్టడం నేర్పాను. గుర్తుపట్టగానే అన్నీ ఆపేసి పడుకుంటుంది. మధ్యమధ్యలో ఎవరైనా వచ్చారా అని ఒక్క చిన్న పలకరింపు పంపుతుంది, అంతే. ఒళ్ళు తగిలితే లేస్తుంది. కొలిచే ముక్క మూతి పక్కకి మార్చాను. అతుక్కి రబ్బరు వేశాను. గంటకే నీరసపడిపోయే బ్యాటరీ ఓపీ మొత్తం నిలబడింది. అల్యూమినియం దిమ్మలో సగం పీకేశాం. చివరికి చూస్తే పెట్టె ఇంకా చిన్నదయింది. మూడేళ్ళు నేను బోర్డు మీద ముక్కలన్నీ వెతికి పిసినారితనం చేస్తే, అసలు దుబారా అంతా స్కాను అయిపోయాక జరుగుతోందన్నమాట.

మళ్ళీ అనుమతి రావడానికి టైము పట్టింది. వరినాట్లు పడ్డాక, పొలాల్లో నీళ్ళు నిలిచిన రోజుల్లో కొత్త మిషను పట్టుకుని వెళ్ళాను. వాన వెలిసి ఉక్కపోస్తోంది. సిస్టర్ అలాగే ఉంది. కుశల ప్రశ్నలయ్యాక నోట్‌బుక్ తీసింది. నీలం పెన్నుతో రాసిన మొదటి మాట మీద నేనే గీత కొడతానని అడిగి తీసుకున్నాను. రెండుచోట్లా కొట్టేశాను. దాని పక్కన "ముట్టుకోవచ్చు" అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆవిడ చూసి, ఇంత పెద్ద సంతకం ఎందుకమ్మా, పేజీ అంతా తినేసినాది అంది.

ఓపీ మొదలైంది. ఒక మామ్మని చూశాక డాక్టరుగారు మిషను ట్రేలో పెట్టారు. పచ్చలైటు దానంతటదే ఆరింది. నేను పొంగిపోయి సిస్టర్ వైపు చూశాను. ఆవిడ లైటు వైపు చూడలేదు. మిషనుని చేతిలోకి తీసుకుని, చంటిపిల్ల నుదురు చూసినట్టు మూతి మీద మడిచిన వేళ్ళు ఆనించి, కదలకుండా నిలబడింది.

"సిస్టర్, ఇంక దానికి జొరం రాదు. నాను సెప్తన్నాను కదా," అన్నాను.

"మీరు సెప్పినారనే సూత్తన్నానమ్మా," అందావిడ, చెయ్యి తియ్యకుండా.